పంతులుగారు కట్టిన ఫ్యూరీ

ఇంగ్లండులోని విండ్సరు పట్టణంలో ఫ్రెడరిక్ కామ్ అనే వడ్రంగి కాపురముండేవాడు. ఆయనకు పన్నెండుమంది సంతానం. 1893లో పుట్టిన పెద్దకొడుకు పేరు సిడ్నీ. 1908లో చదువు చాలించి, ఈ పిల్లవాడు కూడ తండ్రివలెనే ఉలి, చిత్రిక పట్టినాడు. కాని అతని మనస్సు తలుపులమీదా బల్లలమీదా లేదు. తమ్ములను కూడగట్టుకొని చిన్న చిన్న నమూనా విమానాలు చేయడం మొదలుపెట్టినాడు. నదికి ఆవలిగట్టున ఉన్న ఈటన్ వీధిలోని ఒక దుకాణానికి వాటిని అమ్మేవారు. దుకాణదారు మిగుల్చుకొనే లాభం ఎంతో తెలిసిన తరువాత, ఆ సోదరులు దుకాణాన్ని తప్పించి, ఈటన్ కళాశాలలో చదువుకొనే కలవారి బిడ్డలకే సరాసరి అమ్మసాగినారు. ఉపాధ్యాయుల కంటగాని, దుకాణదారు కంటగాని పడకుండా ఈ బేరమంతా రహస్యంగా సాగేది.

ఆ తమ్ములలో ఒకనిని గురించి రేడియో గల ఇండ్లవారికి ఒక మాట చెప్పవలెను. ఫ్రెడరిక్ జేమ్స్ కామ్ అనే ఆ తమ్ముడు పెరిగి పెద్దవాడై, ఇంటివద్ద ఎవరి రేడియో వారే కట్టుకొనడం ఎట్లాగో నేర్పే ‘ప్రాక్టికల్ వైర్‌లెస్’ పత్రికకు సంపాదకుడైనాడు. ఒక కొలిమిలోనుండి వచ్చిన రెండు పనిముట్ల వంటివారు ఈ అన్నదమ్ములు. ఒకడు ఆకాశంలో ఎగిరే వస్తువులవైపు, మరొకడు ఆకాశంలో ప్రసరించే తరంగాలవైపు పోయినారు. ఇద్దరికీ మూలం చేతిపనియే.

సిడ్నీ స్నేహితులు 1912లో విండ్సరులో ఒక నమూనా విమానాల సంఘం పెట్టి, మనిషిని మోయగల గ్లైడరునొకదానిని కట్టినారు. తరువాత అతడు మార్టిన్‌సైడ్ కర్మాగారంలో వడ్రంగిగా చేరి, క్రమంగా నమూనాలు గీచే బల్లవద్దకు చేరుకొన్నాడు. 1923లో హాకర్ సంస్థలో ప్రవేశించి, 1925లో ప్రధాన రూపకర్త అయినాడు. ఆ ఉద్యోగంలో అతడు గీచిన విమానాలలో ఫ్యూరీ అనే రెండు రెక్కల అంతస్తుల యుద్ధవిమానం ఒకటి. మన కథ దానిని గురించి.

ఫ్యూరీ 1931లో బ్రిటిష్ వైమానికదళంలో ప్రవేశించినది. ఆ సంవత్సరం మే నెలలో టాంగ్‌మియర్ స్థావరంలోని 43వ దళం వారికి మొదట అందినది. గంటకు 200 మైళ్ళ వేగాన్ని మించిన తొలి యుద్ధవిమానంగా ఆ వైమానికదళపు చరిత్రలో దానికి స్థానముంది. దాని గరిష్ఠవేగం 207 మైళ్ళు. శత్రువు వచ్చినాడన్న వార్త తెలిసిన తరువాత నేలవిడిచి వానిని అందుకొనడమే దాని పని. కనుక ఎక్కువసేపు గాలిలో నిలిచే శక్తిని తగ్గించుకొని, త్వరగా పైకెక్కే శక్తిని పెంచుకొన్నారు. నాలుగున్నర నిమిషాలలోపల పదివేల అడుగుల ఎత్తుకు పోగలిగేది. 525 అశ్వశక్తి గల రోల్స్‌రాయిస్ కెస్ట్రెల్ ఇంజను దానికి ప్రాణం. నీటితో చల్లబడే ఆ ఇంజను సన్నగా పొడుగ్గా ఉండడంవల్ల, ముందుభాగం కొనదేలి, చెక్కిన పెన్సిలు మొనవలె కనిపించేది. అటువంటి సొగసైన రూపం గల రెండంతస్తుల విమానం మరొకటి రాలేదని ఇప్పటికీ ఎందరో అంటారు. ఈ విషయంలో నా అభిప్రాయం కూడ అదే.

ఒక చిత్రమేమంటే, వడ్రంగి కొడుకు వడ్రంగియైన కామ్, ఈ విమానపు అస్థిపంజరాన్ని కర్రతో కట్టలేదు. ఉక్కు, డ్యురాల్యుమిన్ గొట్టాలను బోల్టులతో బిగించి కట్టినాడు. అతుకుపెట్టడానికి నిపుణులు దొరకని దూరదేశపు స్థావరాలలో కూడ మరమ్మతు చేసుకొనవచ్చునన్నది అందులోని ఉపాయం. పైన మాత్రం చాలవరకు గుడ్డయే.

ఫ్యూరీ ఖరీదెక్కువ. అందుచేత మొదటి రకం మూడు దళాలకే దక్కినది. మిగిలినవారు బ్రిస్టల్ బుల్‌డాగ్ అనే చవుకరకంతో సరిపెట్టుకొన్నారు. ఆ మూడు దళాలవారి దర్జా చూడవలసినదే. హెండన్ మైదానంలో ఏటేటా జరిగే ప్రదర్శనలో ఫ్యూరీలను ఒకదానితో ఒకటి త్రాళ్ళతో కట్టి, ఆ త్రాళ్ళు తెగకుండ గాలిలో పల్టీలు కొట్టించేవారు. వెండిరంగు పూసి, దళపు గుర్తులు వేసి, అద్దంలా తుడిచి ఉంచిన ఆ విమానాలు యుద్ధపరికరాలుగా కంటే ఉత్సవవిగ్రహాలుగా కనిపించేవి కాబోలు.

1938 సెప్టెంబరులో మ్యూనిక్ సంక్షోభం వచ్చినది. టాంగ్‌మియర్‌లో అప్పటికింకా ఫ్యూరీలే ఉన్నవి. ఆ వెండిరంగుమీద హడావుడిగా ఆకుపచ్చ, మట్టిరంగులు పులిమినారు. ఎదుటివాని చేతిలో ఒంటిరెక్క మెస్సర్‌ష్మిట్‌లు ఉండగా, ఈ రెండంతస్తుల విమానాలలో పోవలసివస్తే ఏమయ్యేదో ఆ యువకులకు తెలియకపోలేదు. అదృష్టవశాత్తు యుద్ధం ఒక సంవత్సరం వాయిదాపడి, ఈలోగా వారికి హరికేన్లు వచ్చినవి. ఆ అదృష్టం యుగోస్లావియా వారికి లేకపోయినది. 1941 ఏప్రిలులో జర్మనులు దాడి చేసినప్పుడు అక్కడి ఫ్యూరీలు మెస్సర్‌ష్మిట్‌లను ఎదుర్కొని నశించినవి.

హరికేన్ కూడ కామ్ సృష్టియే. మొదట దానిని ‘ఒంటిరెక్క ఫ్యూరీ’ అనే పేరుతోనే అతడు తలపెట్టినాడు. మన వైమానికదళం 1వ స్క్వాడ్రన్ వారు 1944లో అర్జన్ సింగ్ నాయకత్వాన ఇంఫాల్ రంగంలో నడిపినవి ఆ హరికేన్లే. 1957లో మనదేశం తెచ్చుకొన్న హంటర్ జెట్ విమానాలు కూడ అతడు గీచినవే. విండ్సరు వడ్రంగి చేతి గీతకు, మనకు సంబంధం ఈ విధంగా దీర్ఘకాలం నడిచినది.

ఇక కథలో రెండవ భాగానికి వస్తాను.

ఇంటివద్ద విమానం కట్టుకొనవలెనన్న కోరిక విమానంతోపాటే పుట్టినది. సైకిలు దుకాణం నడుపుకొనే రైట్ సోదరులు చేసినదేమి? మన మద్రాసులో కూడ హోటలు నడిపే డి ఏంజెలిస్ అనే ఆయన 1910లోనే సింప్సన్ కంపెనీ వారిచేత రెండంతస్తుల విమానమొకటి కట్టించి, పల్లావరంలో ఎగిరి చూపినాడు. అయితే ఈ కోరికకు 1935లో పట్టిన వెఱ్ఱి మరెప్పుడూ పట్టలేదు. ఆన్రీ మిన్యే అనే ఫ్రెంచివాడు ‘ఆకాశపు పేను’ అని అర్థం వచ్చే పేరుతో ఒక చిన్న విమానాన్ని రూపొందించి, పుస్తకం వ్రాసినాడు. పెట్టెకు మేకులు కొట్టగలవాడెవడైనా దీనిని కట్టి ఎగురవచ్చునన్న ధోరణి అందులోనిది. ఆ ఆగస్టులో మిన్యే స్వయంగా ఇంగ్లీషు ఛానెల్ దాటివచ్చేసరికి బ్రిటనులో ఊరూరా కొట్టాలలో, వసారాలలో విమానాలు లేవసాగినవి.

తరువాత చావులు మొదలైనవి. కొంతకాలం కట్టినవాని చేతిపనినే తప్పుపట్టినారు. ఫార్న్‌బరో పరిశోధనాలయంలో ఒక నిజమైన ‘పేను’నే గాలిసొరంగంలో నిలిపి పరీక్షించినప్పుడు అసలు సంగతి తేలినది. ఒక పరిమితిని దాటి ముక్కు నేలకు వంగినదంటే, దగ్గరదగ్గరగా ఉన్న ముందు రెక్క, వెనుక రెక్కల నడిమి గాలిప్రవాహం అడ్డం తిరిగి, నడిపేవాడు కర్రను ఎంత లాగినా అది మరి లేవదు. బహు నిజాయితీగా, బహు శ్రద్ధతో కట్టినవాడు కూడ దానిలో చచ్చిపోవచ్చును. చేతిపని మంచిదైతే చాలదు, గీత కూడ మంచిదై ఉండవలెనన్న పాఠం అంత ప్రియంగా కొనవలసివచ్చినది. ఆ తరువాత చాలాకాలంవరకు, ఇంట్లో విమానం కడుతున్నానన్నవానిని ఇరుగుపొరుగువారు ఆత్మహత్యకు పూనుకొన్నవానిని చూచినట్లు చూచేవారంటే ఆశ్చర్యం లేదు.

యుద్ధానంతరం ఈ ఔత్సాహికులు 1946లో ఒక సంఘంగా ఏర్పడినారు. 1952లో దానికి పాపులర్ ఫ్లయింగ్ అసోసియేషన్ అని పేరు వచ్చినది. 2008లో అది మరల పేరు మార్చుకొన్నది. వీరు చేసిన మేలు ఏమంటే, ఎవరి ఇష్టం వచ్చినట్లు వారు కట్టుకొనే పద్ధతిని మాన్పించినారు. పటం ముందుగా ఇంజనీర్లు చూడవలెను. పని జరుగుతూండగా తనిఖీదారు వచ్చి చూడవలెను. ముఖ్యంగా, రెక్కలకు గుడ్డ కప్పేలోపల లోపలి కట్టడమంతా చూచి ఒప్పుకొనవలెను. గుడ్డ కప్పిన తరువాత తప్పులు కనబడవు గదా.

ఆ రోజులలో వారికి చక్కని పటం ఒకటి దొరికినది. జె. ఆర్. కర్రీ అనే ఆయన 1937లో లింప్న్ విమానాశ్రయంలో ఒక్కరే కూర్చునే చిన్న రెండంతస్తుల కర్రవిమానాన్ని రూపొందించినాడు. దానికి పేరేమి పెట్టుదువని అందరూ వేధిస్తే, విసుగెత్తి, మీ ఇష్టమొచ్చినదేదో పెట్టుకొండన్నాడట. ఆ విసుగుమాటలోని ‘ఏదో’ అన్నదే ‘వాట్’ అన్న పేరుగా నిలిచినది. కట్టినవి రెండే, 1940 మే నెలలో జర్మనుల బాంబులకు రెండూ ఆహుతి అయినవి. ఇరవై యేళ్ళు కావస్తూండగా హాంప్‌షైర్‌లో వివ్ బెల్లమీ అనే ఆయన ఆ పాత పటాలను బయటికి తీయించి, 1958లో మళ్ళీ కట్టించినాడు. దానికి రకరకాల ఇంజనులు పెట్టి, నీటిమీద తేలే పడవకాళ్ళు పెట్టి, ‘వేడి వాట్’, ‘తడి వాట్’ అని పరిహాసపు పేర్లు పెట్టుకొనేవారు. వెస్ట్‌లాండ్ సంస్థలో పరీక్షావైమానికుడైన హరాల్డ్ పెన్రోజ్ వంటి పెద్ద అనుభవశాలి కూడ ఒక దానిని కొని, గబ్బిలమన్న అర్థం గల పల్లెమాటను దానికి పేరు పెట్టుకొని, దానిమీద ఒక పుస్తకమే వ్రాసినాడు. ఈ ‘వాట్’ సాధువైన విమానమని, దాని ఎముకలు నమ్మదగినవని రుజువైనది.

ఆ ఎముకలమీద ఫ్యూరీ రూపాన్ని నిలుపుదామని తలచినవాడు జాన్ ఐజాక్స్. ఒకప్పుడు సూపర్‌మెరీన్ విమానసంస్థలో పనిచేసి, తరువాత బడిపంతులైనవాడు. ఫ్యూరీలు వెండిలా మెరిసిన కాలాన్ని ఎరిగినవాడు. 1961లో అతడు పని ప్రారంభించేనాటికి బ్రిటనులో ఎగిరే ఫ్యూరీ ఒక్కటి కూడ లేదు. పంతులు జీతంమీద కెస్ట్రెల్ ఇంజను మాట తలపెట్టనే కూడదు. కనుక పదింట ఏడువంతుల కొలతలో, కర్రతో, చిన్న ఇంజనుతో కట్టదలచినాడు.

పదింట ఏడువంతులంటే చాలమంది అన్నీ ఏడువంతులవుతవనుకొంటారు. లెక్క అది కాదు. అసలు ఫ్యూరీ రెక్క ఆచివరనుండి ఈచివరకు 30 అడుగులు. ఐజాక్స్‌ది 21 అడుగులు. ఇది ఏడువంతులే. కాని రెక్కల వైశాల్యం పొడవు వెడల్పులు రెండింటిమీద ఆధారపడుతుంది గనుక, ఏడేళ్ళు నలభైతొమ్మిది, అంటే నూటికి 49 వంతులకు దిగిపోతుంది. అసలుదాని 252 చదరపు అడుగులు ఇక్కడ సుమారు 124 అయినవి. బరువుకు మూడో కొలత కూడ చేరుతుంది. నూటికి 34 వంతులే రావలెను. అసలు ఫ్యూరీ నిండు బరువు సుమారు 3,490 పౌన్లు కనుక, ఈ లెక్కన 1,200 పౌన్లకు తగ్గుతుంది. ఐజాక్స్ దానిని ఇంకా తగ్గించినాడు. తరువాత మరింత బలమైన ఇంజను పెట్టినప్పుడు కూడ నిండు బరువు 1,000 పౌన్లను మించలేదు. అసలు విమానంలో ఒక్కొక్క చదరపు అడుగు రెక్క సుమారు 14 పౌన్లు మోసేది. ఇది 8 పౌన్లు మోస్తుంది. కనుక నేలకు దిగే వేగం అసలుదానిలో సుమారు నాలుగింట మూడువంతులకు వచ్చింది. యుద్ధవిమానపు రూపంలో ఉన్నా, దీని నడత సాధువుగా ఉండడానికి కారణం అదే.

అన్నీ తగ్గినవి గాని, తగ్గనిది ఒకటి ఉన్నది. అది నడిపే మనిషి. పన్నెండు స్టోన్లు, అనగా 168 పౌన్ల మనిషి అసలు ఫ్యూరీ బరువులో ఇరవయ్యవ వంతు. చిన్నదానిలో అతడే ఆరవ వంతు. అతడు కూర్చునే చోటు నాలుగంగుళాలు అటూ ఇటూ అయితే విమానపు తూకమే మారిపోతుంది. ఆకారంలో కూడ ఇబ్బందియే: ఎంత నేర్పుగా గీచినా, బొమ్మరథంలో నిజమైన సారథిని కూర్చోబెట్టినట్లు, తల భుజాలు పైకి కనిపిస్తవి. దీనికి విరుగుడు లేదు. దూరంనుండి చూస్తే ఫ్యూరీ. దగ్గరకు వస్తే మనిషి రాక్షసుడు.

కట్టడం సంగతి వింటే కామ్ తండ్రికి సంతోషం కలిగేది. అంతా వడ్రంగమే. స్ప్రూస్ అనే తేలికైన, నారతిన్నని కర్రతో రెక్కకు రెండేసి వాసాలు. వాటికి అడ్డంగా పక్కటెముకలు. ఎముక వంపు తప్పకుండా ఒక పలకమీద అచ్చు గీచి, చుట్టూ దిమ్మెలు బిగించి, సన్నని కర్రపుల్లలను ఆ దిమ్మెల మధ్య వంచి, కూడలి కూడలికీ పలుచని ప్లైవుడ్ ముక్క అంటిస్తారు. ఒక ఎముక ఆరిన తరువాత మరొక ఎముక. సాయంకాలం బడినుండి వచ్చిన మనిషి ఎన్ని చేయగలడు? రెండు సంవత్సరాలు పట్టిందంటే అది ఆలస్యం కాదు.

దీనిలో మనిషి మనస్సాక్షికి పరీక్ష జిగురు దగ్గర. అతుకు లోపల జిగురు పూర్తిగా పట్టినదో లేదో పైకి కనిపించదు. చలిలో కలిపిన జిగురు గట్టిపడకపోవచ్చును. కర్రకు నూనెచేయి తగిలి ఉండవచ్చును. అందుచేత జిగురు కలిపినప్పుడల్లా అదే జిగురుతో రెండు ముక్కలు విడిగా అంటించి, ఆరిన తరువాత విరిచి చూస్తారు. కర్ర విరిగితే జిగురు మంచిది. జిగురు విడిపోతే ఆనాటి పని అంతా విప్పి మళ్ళీ చేయవలెను. ఎవరూ చూడడంలేదు గదా అని ఒక్క అతుకు వదలిపెట్టినా, దానిని మోసేది తన ప్రాణమే. తనిఖీదారు కంటికంటె ఈ సంగతియే పెద్ద కాపలా.

రెక్కల అస్థిపంజరం సిద్ధమైన తరువాత గుడ్డ కప్పి, కుట్టి, డోపు అనే ఘాటైన వాసనగల ద్రవం పూస్తారు. ఆరుతున్నకొద్దీ గుడ్డ బిగిసి మద్దెల మూతవలె మ్రోగుతుంది. పై రెక్కకు, క్రింది రెక్కకు నడుమ కమ్మీలు నిలిపి, వాలుగా తీగెలు బిగిస్తే, అది వంతెన కట్టడం వంటిది. ఒక్కొక్క తీగె ఒక్కొక్క దిక్కు లాగుతూ, కలసి మొత్తాన్ని కదలనీయకుండ చేస్తవి. రెండంతస్తుల విమానం వేగంలో ఒంటిరెక్కకు ఓడిపోవడానికి ఈ తీగెలు, కమ్మీలు గాలిని చీల్చుకొనవలసిరావడమే కారణం. ఇంట్లో కట్టుకొనేవానికి మాత్రం ఇంత తక్కువ కర్రతో ఇంత గట్టితనం వేరే విధంగా రాదు.

ఇంజను చెకోస్లొవేకియాలో తయారైన వాల్టర్ మిక్రాన్; 65 అశ్వశక్తి మాత్రమే. నాలుగు సిలిండర్లు వరుసగా, తలక్రిందులుగా వ్రేలాడే ఆ ఇంజను సన్నగా ఉంటుంది గనుక ఫ్యూరీ కొనముక్కులో ఇమిడినది. 1963 ఆగస్టు 30వ తేదీన విమానం నేల విడిచినది. తరువాత ఐజాక్స్ కట్టడాన్ని బలపరచి, 125 అశ్వశక్తి గల లైకమింగ్ ఇంజనును అమర్చినాడు. అప్పుడు దాని వేగం గంటకు సుమారు 115 మైళ్ళు; పల్టీలకు కూడ పనికివచ్చినది. పటాలు కావలెనన్నవారికి అమ్మినాడు. వాటినిబట్టి బ్రిటనులోను, ఇతరదేశాలలోను మరికొన్ని చిన్న ఫ్యూరీలు లేచినవి. 43వ దళపు నలుపు తెలుపు గళ్ళు ప్రక్కన వేసుకొని ఎగిరిన వాటిని నేలనుండి చూచినవారు ఒక్క క్షణం భ్రమపడి ఉంటారు.

శబ్దంతో మాత్రం భ్రమ కలుగదు. ధ్వనితో బ్రతికే వృత్తిలో ఉన్నవాడనుగనుక ఈ మాట చెప్పకుండా ఉండలేను. పన్నెండు సిలిండర్ల కెస్ట్రెల్ గర్జనకు ఏడువంతుల నమూనా లేదు. నాలుగు సిలిండర్లు ఏ పాట పాడినా అది కుట్టుమిషను బంధువే.

ఐజాక్స్ అంతటితో ఊరుకొనలేదు. తాను ఒకప్పుడు పనిచేసిన సంస్థవారి కీర్తిపతాక స్పిట్‌ఫైర్. దానిని పదింట ఆరువంతుల కొలతలో, ఇదే విధంగా కర్రతో కట్టి, 1975 మే నెలలో ఎగురవేసినాడు. ఒంటిరెక్క, వంపు తిరిగిన అంచులు. వడ్రంగానికి అది ఇంకా కష్టం. అయినా నా మనస్సుకు ఫ్యూరీయే నచ్చుతుంది. స్పిట్‌ఫైర్లు ఎన్నో మిగిలినవి, ఎవరో ఒకరు చూపుతూనే ఉంటారు. ఫ్యూరీ కనబడకుండా పోయిన కాలంలో దానిని చూపినవాడు ఈయన.

సిడ్నీ కామ్ 1966 మార్చిలో మరణించినాడు. వడ్రంగి కొడుకు లోహంతో కట్టినదానిని, ఒక పంతులు తిరిగి కర్రలోకి తెచ్చి ఎగురవేసేనాటికి ఆయన జీవించియే ఉన్నాడు.

అసలు ఫ్యూరీలలో ఒకటి, 1936లో 43వ దళంలో పనిచేసి, యుద్ధకాలంలో దక్షిణాఫ్రికాకు పోయినది, శిథిలావస్థలో దొరికినది. ఎన్నో ఏండ్లు శ్రమించి దానిని బాగుచేసి, 2012 జూలైలో కెస్ట్రెల్ ఇంజనుతోనే మళ్ళీ ఎగిరించినారు. పంతులుగారి కర్ర ఫ్యూరీ అప్పటికి నలభైతొమ్మిదేళ్ళ ముందే పైకి లేచింది.